ముప్పై రెండులో నావి ఆరు

పోయిన నెల అమీర్‌పేటలో మెట్రో దిగి, మెట్ల దగ్గర జనం పలచబడే దాకా ఒక పక్కన నిలబడ్డాను. నాలుగు స్టేషన్ల పాటు బోగీలో నిలువు కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాను. ఎవరో లేచి కూర్చోమన్నారు గాని, ఈ వయసులో కూర్చుంటే లేవడానికి రెండు స్టేషన్ల ముందు నుంచే సన్నాహం చేసుకోవాలి. కళ్లజోడు సర్దుకోబోతే ఎడమ అరచేతి నుంచి వాసన తగిలింది. చెమటలో నానిన ఇనుము వాసన. ఇరవై ఏళ్ల కిందట శనివారం సాయంత్రాలు నా ఎడమ చేతి వేళ్లకు ఈ వాసనే ఉండేది. సబ్బుతో ఎంత రుద్దినా ఆదివారం మధ్యాహ్నం దాకా పోయేది కాదు. అది గిటారు తీగల వాసన. ఆ వాసనతో పాటు ఇస్మాయిల్ మాస్టారు గుర్తొచ్చారు. ఆయన్ని ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు కాబట్టి, నాకు తెలిసినంత మేరకు రాసి పెడుతున్నాను.

నేను మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేదాన్ని. జిల్లాల నుంచి వచ్చే పంటల లెక్కలు సరిచూడటం నా పని. ఎకరాకి ఎంత పండింది, పోయినేటి కన్నా ఎంత ఎక్కువ, ఎంత తక్కువ – ఇరవై ఆరేళ్లు అవే వరుసలు. 2004 జనవరిలో పంజాగుట్ట కూడలి దగ్గర కదులుతున్న బస్సు దిగబోయి పడ్డాను. బస్సు ఆగలేదు, అది ఆగేదాకా నేనూ ఆగలేదు. తప్పు చెరి సగం. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాల కట్టు విప్పాక చూస్తే పిడికిలి మూసుకోవడం లేదు. రబ్బరు బంతి ఇచ్చి రోజుకి రెండు వందల సార్లు నొక్కమన్నారు. వంద రోజులు నొక్కాను. బంతి మెత్తబడింది గాని వేళ్లు మెత్తబడలేదు.

ఆ రోజుల్లో అమీర్‌పేట సందుల్లో నడవాలంటే కరపత్రాలు తప్పించుకుంటూ నడవాలి. ప్రతి మేడ మీదా కంప్యూటరు కోర్సుల బోర్డులే. "ఆంటీ, టెస్టింగ్ నేర్చుకోండి, డెమో క్లాస్ ఫ్రీ" అని యాభై ఒకటేళ్ల నా చేతిలో కూడా కాగితం పెట్టేవారు. అలాంటి ఒక కాగితం ఇచ్చిన మనిషి చూపించిన మెట్ల మీదే, మూడో అంతస్తులో, రెండు కోర్సుల బోర్డుల మధ్య ఇరుక్కుని ఒక చిన్న బోర్డు ఉంది: గిటార్ నేర్పబడును. పై నుంచి ఎవరో రెండే రెండు మోతలు మార్చి మార్చి వాయిస్తున్నారు. బంతి నొక్కడం కన్నా అది నయమనిపించింది.

ఇస్మాయిల్ మాస్టారికి అప్పటికి యాభై ఆరు. బక్కపలచటి మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉండేవి. పగలు పాఠాలు చెప్పేవారు, పెళ్లిళ్లలో, హోటళ్లలో ఒక బృందంతో కలిసి వాయించేవారు. నన్ను చూసి కుర్చీ జరిపారు.

"ఎవరికి మేడమ్? బాబుకా, పాపకా?"

"నాకేనండి."

ఆయన నా మొహం చూడలేదు, చెయ్యి చూశారు. "గీ చెయ్యి ఎప్పుడు ఇరిగింది? సరే. పాటలు రావాల్నా, చెయ్యి రావాల్నా?"

"చెయ్యి. పాటలొస్తే కాదనను."

నవ్వారు. "ఇంటర్వ్యూ పాసయిన దినం గీ కోర్సుల పిల్లలు గిటార్ ఇడిచి పోతరు. ఆర్నెల్లు దాటినోడు లేడు నా దగ్గర. మీకైతే ఇంటర్వ్యూ ఏం లేదు గద?"

"లేదండి. ఏడేళ్లలో రిటైర్మెంటుంది."

"అయితే మస్తు టైముంది. కూసోండి."

అది జూలై రెండో శనివారం, సెలవు. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఆరింటికి వెళ్లేదాన్ని. ఆయన పాఠం చెప్పే పద్ధతి మరెక్కడా చూడలేదు. గిటారులో మూడు నాలుగు తీగలు ఒకేసారి నొక్కి పట్టి మీటితే వచ్చే మోతని కార్డు అంటారు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి ఎడమ చేతి వేళ్లు ఎంత త్వరగా, ఎంత శుభ్రంగా మారతాయన్నదే కొత్తవాళ్లకి కొండ. ప్రతి శనివారం పాఠానికి ముందు ఒక నిమిషం పరీక్ష ఉండేది. నిమిషంలో రెండు కార్డుల మధ్య ఎన్నిసార్లు మారామో లెక్కపెట్టాలి. మోత గరగరమంటే అది లెక్కలోకి రాదు. ఇంత వరకు ఎవరైనా చేస్తారు. ఈయన దగ్గర ముందు మాస్టారు వాయించాలి, శిష్యులు లెక్కపెట్టాలి. ఆ తర్వాతే శిష్యుల వంతు.

"మిమ్మల్ని లెక్కపెట్టడం ఎందుకండీ?" అని అడిగాను.

"మా ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు. తాను చేసి చూపియ్యకుండ శిష్యుణ్ణి అడగొద్దన్నడు. నాకు ఒంట్లో బాగలేకున్నా, కోపమొచ్చినా ముందుగాల నాది. రాసుకోండి, రాస్తె మర్చిపోరు."

రాసుకోమని నాకు ఒకరు చెప్పాలా! మర్నాడే దళసరి అట్ట నోటుపుస్తకం తెచ్చి నాలుగు గళ్లు గీశాను. తేదీ, ఆయనది, నాది, తేడా. చివర రిమార్కులకి కాస్త చోటు. మొదటి వారం ఆయనది నూట నాలుగు, నాది ఏడు. తేడా తొంభై ఏడు. ఆ తేడా గడి మీద నాకు మనసు పడింది. ఏడు, పది, పదమూడు అని నా అంకె ఒక్కటే చూసుకుంటే వెలితిగా ఉండేది. ఆయనకి నేనెంత దూరంలో ఉన్నానో తెలిస్తే ఒక దారిలో నడుస్తున్నట్టుండేది.

నిజానికి ఆ నడకలో అలుపే ఎక్కువ. ఆఫీసు నుంచి రెండు బస్సులు మారి, మూడంతస్తులెక్కి, వేలి కొసలు కోసుకుపోయేలా తీగలు నొక్కి ఇల్లు చేరేసరికి గిన్నెలు కడిగే ఓపిక ఉండేది కాదు. మూడు నెలలకి వేలి చివర్లు బండబారాయి. ఎనిమిదో నెలలో పిడికిలి మూసుకుంది. డాక్టరు చెప్పిన పని అయిపోయినట్టే. అయినా మానలేదు. మానేస్తే పుస్తకంలో గళ్లు ఖాళీగా ఉండిపోతాయని ఒక కారణం. రెండో కారణం, వారం మొత్తంలో నన్ను ఎవరైనా "జర బాగైంది" అనే చోటు అదొక్కటే. మాస్టారు మెచ్చుకోలు దగ్గర చాలా పొదుపు. "మంచిగున్నది" అన్న మాట ఏడాదిలో మూడుసార్లు విన్నాను, మూడూ రిమార్కుల్లో ఉన్నాయి. ఒకసారి మాత్రం, "ఆడిటర్ మేడమ్, మీరు గిటార్‌ను తనిఖీ చేస్తున్నరు. వాయిస్తలేరు. జర కన్ను మూసుకోండి," అన్నారు. కళ్లు మూసుకుంటే నా సంఖ్య రెండు తగ్గింది. అదీ రాశాను.

2005 జూలైకి, ఏడాది నిండేసరికి, ఆయనది నూట రెండు, నాది ముప్పై ఎనిమిది. తేడా అరవై నాలుగు. సెప్టెంబరు నుంచి అది చకచకా తగ్గసాగింది. అరవై, యాభై నాలుగు, నలభై ఏడు. నేను ఇంట్లో ఒక పావుగంట సాధన పెంచాను, దాని ఫలితమే అనుకున్నాను. ఆయన సంఖ్య కూడా తగ్గుతోందని నాకు తెలుసు. తెలియకపోవడమేమిటి, లెక్కపెట్టింది నేనే. ప్రతివారం ఆయన ఒక మాట అనేవారు, నేను రిమార్కుల్లో ఎక్కించేదాన్ని. "తీగలు పాతబడ్డయి." "రంజాన్ రోజా ఉన్న, నీరసం." "చలికి వేళ్లు గుంజుతున్నయి." ఆ కారణం కింద ఆయన సంతకం చేసినట్టే, మళ్లీ అడగడానికి నేనెవరిని?

2006 జనవరి చివరి శనివారం ఆయనది డెబ్బై ఆరు, నాది నలభై నాలుగు. తేడా ముప్పై రెండు. అరవై నాలుగులో సరిగ్గా సగం. ఆ లెక్క ముందు వారమే ఇంచుమించు తెలిసిపోయింది కాబట్టి పంజాగుట్టలో దిగి అరకిలో కోవా బిళ్లలు కొనుక్కుని మరీ వెళ్లాను.

"మాస్టారూ, మీకూ నాకూ మధ్య దూరం సగమైందండీ ఇవాళ్టికి!" అని డబ్బా మూత తీశాను.

ఆయన పుస్తకం అందుకుని ఆ గడి వైపు చాలాసేపు చూశారు. ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని ఉన్నారు. "మంచిగున్నది మేడమ్," అన్నారు. ఒక బిళ్ల నోట్లో వేసుకున్నారు. అది నాలుగో 'మంచిగున్నది'. అదీ రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆఫీసులో ఒక జిల్లా పట్టిక నా బల్ల మీదికి వచ్చింది. రెండు మండలాల దిగుబడికి మధ్య తేడా సగానికి పడిపోయిందని, వెనకబడ్డ మండలం పుంజుకుందని కింద ఎవరో సంతోషంగా రాశారు. వరుసలు చూస్తే వెనకబడ్డది ఉన్నచోటనే ఉంది. ముందున్న మండలంలోనే పంట ఎండిపోయింది. ఇలాంటి తప్పు కొత్తగా చేరినవాళ్లు చేస్తారు. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "తేడా తగ్గడం పెరుగుదల కాదు. రెండు వరుసలూ విడివిడిగా చూడవలెను" అని రాశాను. 'చూడవలెను' దగ్గర కలం ఆగింది.

సాయంత్రం ఇంటికెళ్లి కాళ్లు కూడా కడుక్కోకుండా పుస్తకం తీశాను. గళ్ల కాగితం మీద ఆయన సంఖ్యలు ఒక్కటే చుక్కలు పెట్టి కలిపాను. ఏడాది పాటు గీత తిన్నగా ఉంది. సెప్టెంబరులో ఒంగింది. ఆ తర్వాత మెట్లు దిగినట్టు దిగుతూనే ఉంది, ఒక్క వారం కూడా వెనక్కి ఎక్కలేదు. తీగలు పాతబడితే కొత్తవి వేశాక పెరగాలి. ఉపవాసాల నీరసమైతే పండగ తర్వాత పెరగాలి. తగ్గిన ముప్పై రెండులో నావి ఆరు. మిగతా ఇరవై ఆరూ ఆయన చెయ్యి పోగొట్టుకున్నవి. ఆ ఇరవై ఆరుకి నేను కోవా బిళ్లలు పంచాను.

ఆ చేతి మీద ఆయన ఇల్లు నడుస్తోంది. పాఠాలకైనా, పెళ్లిళ్లకైనా ఆ నాలుగు వేళ్లే. చెబితే బతుకుతెరువు మీద చెయ్యి వేసినట్టు, చెప్పకపోతే నేను లెక్కలు చూసి ప్రయోజనం లేనట్టు. శనివారం దాకా నాలుగు రోజులు ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని తిరిగాను. శనివారం ఆయన వాయించబోతుంటే ఆపాను.

"మాస్టారూ, ఇవాళ లెక్క వద్దండి. ఒకటి చూపించాలి."

గళ్ల కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన గీత మొదటి నుంచి చివరిదాకా వేలు నడిపిస్తూ చూశారు. వేలు చివర్లో సన్నగా వణికింది.

"నా చెయ్యి మీద ఆడిట్ చేస్తున్నరా?" గొంతు పెరిగింది. "ఎవరు అడిగిండ్రు మిమ్మల్ని? ఇంకెవరికి చూపించిండ్రు గిది?"

"ఎవరికీ చూపించలేదండి."

"బ్యాండోళ్లకు తెలిస్తే రేపటి నుంచి ఒక్కడు పిలువడు. ఇంట్ల సుత చెప్పలే నేను."

కిటికీ దాకా వెళ్లి నిలబడ్డారు. కింద సందులో కోర్సు వదిలినవాళ్ల గోల. కొంతసేపటికి మాట మెత్తబడింది.

"నాకు రంజాన్ నుంచే తెలుసు మేడమ్. పొద్దుగాల గుండీలు పెట్టుకోనీకె పావుగంట పడుతున్నది."

"తెలిసీ ఎందుకు చెప్పలేదండీ?"

"నోరు రాలె." వెనక్కి తిరిగి నావైపు చూశారు. "ఒక్క శనివారమన్న లెక్క ఆపిన్నా? ఆపలే. రాస్తున్నరు గద, రాసేటోళ్లకు కనబడుతది, వాళ్లే అడుగుతరు అనుకున్న. ప్రతివారం అనుకున్న. మీరు మిఠాయి తెచ్చిండ్రు."

నేను అరవై దాటాక ఎన్నో మాటలు మర్చిపోయాను. ఆ చివరి మాట మాత్రం ఆయన గొంతుతో సహా ఉంది. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇరవై ఐదు శనివారాలు ఒక మనిషి తన చెయ్యి నా ముందు పెట్టి, చూడమని అడుగుతూ వచ్చాడు. నేను నా ఎదుగుదల లెక్క రాసుకుంటూ కూర్చున్నాను.

సోమవారం సెలవు పెట్టి ఆయనతో పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. ఆయన భార్య రజియా బేగం కూడా వచ్చారు. ఆవిడకి ఆదివారం చెప్పారట. దారంతా ఆటోలో ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. నాతో మాత్రం, "మీరు చెప్పకపోతే ఈయన ఇంకో ఏడాది గుండీలు లేని జుబ్బాలు కుట్టించుకుని తిరిగేవారమ్మా," అన్నారు. నరాల డాక్టరు నడిపించి చూశారు, వేళ్లు ఆడించమన్నారు. నేనిచ్చిన నోటుపుస్తకం మూడుసార్లు తిరగేశారు. పార్కిన్సన్ జబ్బు అన్నారు. నయం కాదని, మందులతో కొన్నాళ్లు అదుపులో ఉంచవచ్చని చెప్పారు. వాళ్లిద్దరూ మందుల చీటీతో బయటికి వెళ్లాక నేను ఆగి అడిగాను.

"ఐదు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే?"

"మందు అప్పుడే మొదలయ్యేదమ్మా. అంతకు మించి ఎవరూ చెప్పలేరు."

డాక్టరు నన్ను ఊరడించడానికి అన్నారో, ఉన్నమాటే అన్నారో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఐదు నెలలని ఏ గడిలో వెయ్యాలో తెలియక అలాగే పక్కన పెట్టి ఉంచాను.

మందులతో మాస్టారి సంఖ్య మే నెలకి ఎనభై నాలుగుకి ఎక్కింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ దిగింది. బృందం వాళ్లకి ఆయనే చెప్పేశారు. రెండు నెలలు పిలిచారు, తర్వాత పిలవలేదు. కొత్త శిష్యులు ఒక క్లాసు చూసి రావడం మానేశారు. నా శనివారం మాత్రం తప్పలేదు, ఆయన నిమిషమూ తప్పలేదు. 2007 నవంబరులో ఒక శనివారం ఆయన నలభై తొమ్మిది దగ్గర ఆగారు. అంతకు ముందు వారం నాది యాభై రెండు. నా వంతు వచ్చేసరికి వేళ్లు బరువెక్కినట్టు, నాకు నేనే తెలియనట్టు నెమ్మదిగా మార్చాను. నిమిషం అయింది. ఆయన పెన్సిలు పట్టుకుని ఏమీ రాయలేదు.

"నలభై ఐదు," అన్నారు. "ఏంది మేడమ్ గిది?"

"ఆఫీసులో పని ఎక్కువైందండి, చెయ్యి నొప్పి."

"తీగలు పాతబడ్డయని సుత రాస్కోండి. నాకు జబ్బు చేసి మెల్లగైంది. మీకేమైంది? మీరు ఊకనే మెల్లగ వాయిస్తే, నేను మూడేండ్లు ఏం నేర్పినట్టు? మళ్ల వాయించండి."

మళ్లీ వాయించాను. కళ్లు మూసుకునే వాయించాను, కన్నీళ్లు కనిపించకూడదని. యాభై మూడు. ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని, వణికే చేత్తో, నా చక్కటి అంకెల పక్కన వంకరగా తేడా గడిలో తానే వేశారు. మైనస్ నాలుగు. వేసి దాన్ని చూసి గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకి పక్క గదిలో కంప్యూటరు పాఠం చెప్పేవాళ్లు తలుపు తట్టారు.

"గిప్పుడు తేవాలె మిఠాయి," అన్నారు. "పోండి, పోయి పట్కరాండి. గప్పుడు తెచ్చిన కోవాల పిండి కలిపిండ్రు. మంచి దుకాణంల తేండి."

మూడంతస్తులు దిగి, తెచ్చి, మళ్లీ ఎక్కాను. ఆయన మూడు తిన్నారు.

మరో రెండేళ్లకి ఆ గది కూడా ఏదో కోర్సు వాళ్లు తీసుకున్నారు. ఎర్రగడ్డలో వాళ్లింటికే శనివారాలు వెళ్లేదాన్ని. ఆయన వాయించలేకపోయినా, నేను వాయిస్తుంటే మంచం మీద నుంచి తప్పు పట్టేవారు. నా సంఖ్య అరవై ఒకటి దాటలేదు. ఎనిమిది పాటలు వచ్చు, అందులో మూడు ఎవరైనా వినగలిగేవి. ఆయన పోయిన రోజు తేదీ పుస్తకంలో ఉంది. దాని కింద నేను గీత గీయలేదు, ఆ తర్వాత సంఖ్యలు కూడా రాయలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై రెండు. పొద్దున్నే కాలనీ పార్కులో కింది అంతస్తు విమల గారితో నడుస్తాను. ఆవిడది చురుకైన నడక. మూడేళ్లుగా నాకన్నా అరచుట్టు ముందుండి, గేటు దగ్గర ఆగి, "రండి రండి, బండి వెళ్లిపోతోంది," అని ఎగతాళి చేస్తారు. ఈ మధ్య ఒకరోజు మేమిద్దరం పక్కపక్కనే నడుస్తున్నామని గమనించాను. కొత్త చెప్పుల మహిమ అనుకుని ఒక చుట్టు సంతోషంగానే తిరిగాను. రెండో చుట్టు సగంలో ఆగిపోయాను.

"విమల గారూ, ఆ బల్ల మీద కాసేపు కూర్చుందాం."

"ఏంటి, అప్పుడే అలసిపోయారా?"

"నేను కాదు. మీ కాలికేమైంది?"

ఆవిడ నవ్వబోయి మానేశారు. బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. కుడి చెప్పు విప్పి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి చూపించారు. చీలమండ వాచి ఉంది.

"రెండు నెలలైంది," అన్నారు. "ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను."